పది మీటర్ల వైరు తినేసిన సిగ్నల్: రెండేళ్లు వాడాక నా 4జీ యాంటెన్నా గురించి

యాంటెన్నా మీద నాకు కోపం లేదు. కోపమంతా దాంతోపాటు పెట్టెలో వచ్చిన పది మీటర్ల నల్ల వైరు మీదే.

మాది జన్నారం దగ్గర, కవ్వాల్ అడవిని ఆనుకుని ఉన్న ఊరు. టవర్ మూడు కిలోమీటర్ల పైనే ఉంటుంది, మధ్యలో అంతా టేకు చెట్లు. ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకోవచ్చని ధైర్యంగా వచ్చేశాను. హాల్లో రూటర్ పెట్టి చూస్తే సిగ్నల్ మైనస్ 114. ఈ అంకె సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 110 కంటే కిందికి పోయిందంటే మా ఇంట్లో మీటింగ్ మీద ఆశ వదులుకోవడమే.

అందుకే యాంటెన్నా తెప్పించాను. చేపముళ్ల లాంటివి రెండు. "గదేంది బిడ్డా, మళ్ల టీవీ యాంటెన్నా తెచ్చినవా?" అంది అమ్మ. స్లాబు మీద పైపుకి బిగించి, ఒకదాన్ని ఇటు, ఇంకోదాన్ని అటు 45 డిగ్రీలు వాల్చి టవర్ వైపు తిప్పాను. టవర్ మీదవి కూడా అలాగే ఏటవాలుగా పంపుతాయి. రెండు దారుల్లో వేర్వేరుగా డేటా వస్తుంది కాబట్టి వైర్లు కూడా రెండు. అంకె మైనస్ 102కి వచ్చింది, స్పీడు రెండు ఎంబీపీఎస్ నుంచి పదకొండుకి పెరిగింది. అది ఫిబ్రవరి నెల. ఆ వారంలోనే తెలిసినవాళ్లందరికీ "కళ్లు మూసుకుని కొనేయండి" అని చెప్పేశాను.

మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయింది. ఉక్కపోతకి ఇంటిల్లిపాదీ చాపలు పట్టుకుని స్లాబు మీదికెక్కారు. నాకేమో పదింటికి కాల్ ఉంది. చేసేది లేక యాంటెన్నా వైర్లు విప్పేసి, రూటర్‌కి దాని సొంత చెవులు, అంటే దాంతో వచ్చిన చిన్న యాంటెన్నాలు రెండూ తగిలించి, చిన్న యూపీఎస్‌తో సహా పైకి పట్టుకెళ్లాను. కాల్ ఎక్కడా తెగలేదు. అనుమానమొచ్చి చూస్తే మైనస్ 103! ఇంత సరంజామా, పైపు, క్లాంపులు, గోడకి బెజ్జం, ఇవన్నీ కలిసి చేసిన పని, రూటర్‌ని చంకలో పెట్టుకుని మెట్లెక్కితే అయిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సగం దోమల వల్ల అనుకోండి.

తర్వాత లెక్క వేస్తే తెలిసింది. ఈ సన్న కోయాక్స్ వైరు (కేబుల్ టీవీ వైరు లాంటిది) 1800 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దగ్గర మీటరుకి 0.8 డెసిబెల్ దాకా మింగుతుంది. డెసిబెల్ అంటే సిగ్నల్ ఎంత పెరిగిందో తగ్గిందో చెప్పే కొలత, పైన చెప్పిన అంకె ఒకటి మారితే ఒక డెసిబెల్. పది మీటర్లకి ఎనిమిది. అంటే యాంటెన్నా పట్టిన దాంట్లో రూటర్‌కి చేరేది ఆరో వంతు. యాంటెన్నా ఇచ్చేదే తొమ్మిది డెసిబెల్స్ అయితే ఇక మిగిలేదేముంది? పెట్టె మీద 35 అని రాశారు, అది వేరే కథ. మందపాటి ఎల్ఎంఆర్-400 రకం వైరైతే పది మీటర్లకి రెండు డెసిబెల్స్‌తో పోతుంది, కానీ ధర ఎక్కువ, వంచడం కష్టం.

నేను చేసింది ఇంతే. రూటర్‌ని మెట్ల గదిలోకి మార్చాను. యాంటెన్నాకి మీటరు వైర్లు వేశాను. అక్కడి నుంచి కిందికి ఇంటర్నెట్ తెచ్చే లాన్ కేబుల్ దింపాను. లాన్ కేబుల్ వంద మీటర్ల దాకా ఏ ఇబ్బందీ పెట్టదు. మైనస్ 94, స్పీడు ముప్పైకి అటూ ఇటూ. నిజంగా పండగే. ఒక్క ఇబ్బంది, ఎండాకాలం మధ్యాహ్నం మెట్ల గది పొయ్యిలా ఉంటుంది. రూటర్ రెండుసార్లు వేడెక్కి ఆగిపోయాక చిన్న ఫ్యాన్ పెట్టాల్సి వచ్చింది.

ఆ సంబరం కూడా జూలై దాకానే. వానలు మొదలయ్యాక అంకె మెల్లగా మైనస్ 100కి జారింది. కనెక్టర్‌లోకి నీళ్లు పోయాయని విప్పి తుడిచి టేపు చుట్టాను. కోతులు తిప్పేశాయేమోనని గురి మళ్లీ సరిచేశాను (అంతకుముందు ఒకసారి తిప్పాయి కూడా). ఏదీ కాదు. నేను బిగించిన ఫిబ్రవరిలో టేకు ఆకు రాలుస్తోంది. ఇప్పుడు చేటంత ఆకులు, పైగా తడిసినవి. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఆకుల దెబ్బ కూడా పెరుగుతుంది. అందుకని ముసురు పట్టిన రోజుల్లో రూటర్ సెట్టింగ్స్‌లో ఫ్రీక్వెన్సీ తక్కువుండే 850 మెగాహెర్ట్జ్ బ్యాండుకి మారుస్తాను. స్పీడు ఎనిమిది దాటదు, కానీ మాట తెగదు.

పెట్టె మీద 5జీ అని కూడా రాసి ఉంది. లోపలి కాగితంలో చూస్తే పనిచేసేది 698 నుంచి 2700 మెగాహెర్ట్జ్ దాకానే. మన దగ్గర 5జీ ఎక్కువగా నడిచే బ్యాండు 3300 పైన. 700లో వచ్చే 5జీకైతే ఇది పనికొస్తుంది. పైగా 5జీ రూటర్లలో చాలావాటికి లోపలే నాలుగు యాంటెన్నాలు ఉంటాయి, రెండు వైర్లది తగిలిస్తే లాభం కంటే నష్టమే ఎక్కువ కావచ్చు. కాబట్టి పట్నంలో ఉన్నవాళ్లు నా మాట విని కొనకండి.

మళ్లీ కొంటావా అంటే, మాలాగా టవర్ దూరంగా ఉండి, స్లాబు మీద రూటర్‌కి చోటుంటే కొంటాను. కానీ ముందు రూటర్‌ని ఒక్కసారి పైకి తీసుకెళ్లి చూస్తాను. "కళ్లు మూసుకుని" అని చెప్పినవాళ్లలో ఒకరిద్దరు కొనేశారు, వాళ్లకి ఇంకా వైరు సంగతి చెప్పలేదు. ఇది రాస్తుంటే బయట టేకు సగం ఆకు రాల్చింది. ఇవాళ మైనస్ 96.