రేకు డబ్బాలో సీమోయ్ యాంప్, ఆరేళ్లు వాడాక
నా సీమోయ్ హెడ్‌ఫోన్ యాంప్ (హెడ్‌ఫోన్‌లో సౌండ్ పెంచే చిన్న యాంప్లిఫయర్) కట్టుకుని ఆరేళ్లయింది, ఇప్పటికీ రోజూ వాడుతున్నా. కొత్తగా కట్టాలనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. చూ మోయ్ అనే ఆయన డిజైన్ ఇది, పేరు కూడా అలాగే వచ్చింది. ఒక డ్యూయల్ ఆప్-యాంప్ (ఎడమ కుడి రెండు సిగ్నళ్లనీ పెంచే చిప్), 9 వోల్టుల బ్యాటరీ, కొన్ని రెసిస్టర్లు కెపాసిటర్లు, అన్నీ కలిపి పిప్పరమెంట్ బిళ్లల రేకు డబ్బాలో పట్టేస్తాయి.

నాది 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్, అంటే నడపడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి. ఫోన్‌కి నేరుగా పెడితే వాల్యూమ్ మొత్తం పెంచినా తక్కువ సౌండ్‌తో రికార్డ్ చేసిన పాటలు సరిగ్గా వినపడేవి కావు, ఇది మధ్యలో పెట్టాక ఆ ఇబ్బంది పూర్తిగా పోయింది.

కానీ మొదటి ఆరు నెలలు నన్ను ఒకటి బాగా విసిగించింది. మామూలు డిజైన్‌లో ఫీడ్‌బ్యాక్‌కి 10కే (కే అంటే వెయ్యి ఓమ్‌లు), గ్రౌండ్‌కి 1కే రెసిస్టర్ ఉంటాయి, అంటే గెయిన్ 11, సిగ్నల్ 11 రెట్లు పెరుగుతుంది. నాకు అంత అక్కర్లేదు, నాబ్ కాస్త కదిపితే చాలు చెవులు మోత, పైగా పాట్ (ఆ నాబ్ కింద ఉండే వాల్యూమ్ కంట్రోల్) తిప్పిన మొదట్లో ఎడమ కుడి సమానంగా రావు, ఎడమ పక్క ఎప్పుడూ ఎక్కువే. పాట్ పాడైందనుకుని కొత్తది వేశా, అదీ అంతే. తర్వాత ఆ 1కే తీసేసి రెండు ఛానళ్లలోనూ 4.7కే పెట్టా, గెయిన్ సుమారు 3కి దిగింది, ఇప్పుడు నాబ్ సగం దగ్గర ఉంటుంది, రెండు చెవులూ సమానం, వెనక వచ్చే సన్నటి హిస్ కూడా బాగా తగ్గింది. ఈ ఆరేళ్లలో దీనికి చేసిన మార్పుల్లో ఇంతకంటే మంచిది లేదు.

ఆప్-యాంప్‌కి సాకెట్ తప్పకుండా పెట్టండి. నేను ఓపీఏ2134 అనే చిప్‌తో మొదలుపెట్టి, గెయిన్ 11 ఉన్న రోజుల్లోనే ఒకసారి ఎన్ఈ5532 అనే ఇంకో చిప్ వేసి చూశా, హెడ్‌ఫోన్ పెట్టకముందు మల్టీమీటర్‌తో చూస్తే అవుట్‌పుట్‌లో 200 మిల్లీవోల్టులకి పైగా డీసీ (హెడ్‌ఫోన్‌ని పాడుచేయగల నిలకడ వోల్టేజ్)! దాని ఇన్‌పుట్ బయాస్ కరెంట్ (చిప్ ఇన్‌పుట్ కాళ్ల గుండా ఎప్పుడూ పారే చిన్న కరెంట్) మామూలుగా 200 నానోఆంపులు, అది ఇన్‌పుట్ దగ్గరున్న 100కే రెసిస్టర్ మీదుగా పారితే 20 మిల్లీవోల్టులు, దాన్ని 11తో గుణిస్తే అంతే వస్తుంది. ఓపీఏ2134ది ఫెట్ ఇన్‌పుట్, అంటే ఆ కరెంట్ దాదాపు పారని రకం, కాబట్టి ఈ గొడవ లేదు. అందుకే ఏ చిప్ మార్చినా ముందు డీసీ కొలిచాకే హెడ్‌ఫోన్ గుచ్చండి, ఆ ఒక్క నిమిషానికి బద్ధకించొద్దు.

16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్లు మాత్రమే ఉన్నవాళ్లకి నేనిది చెప్పను, ఓమ్‌లు తక్కువైతే కరెంట్ ఎక్కువ లాగుతాయి. వర్చువల్ గ్రౌండ్ (బ్యాటరీ వోల్టేజీని రెండు సగాలు చేసే మధ్య పాయింట్) అంటే ఇందులో రెండు 4.7కే రెసిస్టర్లు, రెండు 220 మైక్రోఫారడ్ కెపాసిటర్లే, పెద్ద బేస్ వచ్చినప్పుడు అంత కరెంట్‌కి అది నిలబడదు, ఆప్-యాంప్‌కి కూడా అంత ఇచ్చే శక్తి లేదు. నేను పెట్టి చూశా, డ్రమ్ దెబ్బ గట్టిగా పడ్డప్పుడల్లా సౌండ్ నలిగిపోయింది.

డబ్బా విషయంలో జాగ్రత్త. జాక్‌ల మెటల్ తగిలి రేకంతా వర్చువల్ గ్రౌండ్ అవుతుంది, అది బ్యాటరీ మైనస్ కాదు! బోర్డు కింద నేను అంటించిన పల్చటి టేప్ ఏడాదికి చిరిగి మైనస్ టంకం రేకుకి తగిలింది, జేబులో ఉండగానే చెవుల్లో టపటపలు. ఇప్పుడు మందం అట్టముక్క వేశా, మళ్లీ రాలేదు.

250 ఎంఏహెచ్ రీఛార్జబుల్‌తో నాకు 20 గంటల దాకా వస్తుంది. బ్యాటరీ దిగుతుంటే ముందు బేస్ చిరుగుతుంది, ఎల్ఈడీ మాత్రం అప్పటికీ బాగానే వెలుగుతుంటుంది, దాన్ని చూసి మోసపోవద్దు. పాట్, గెయిన్ రెసిస్టర్లు తప్ప పార్టులన్నీ మొదట టంకం పెట్టినవే, బ్యాటరీ క్లిప్ వైర్లు మాత్రం రెండుసార్లు తెగాయి, ఈసారి కాస్త పొడుగు వైర్ ఉన్నది పెట్టా.