మా ఊరి సర్కారు బడి: ఏడు నెలలు పిల్లల్ని పంపాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది టీవీలో చూపించే మోడల్ స్కూలు కాదు. నెల్లూరు జిల్లాలో పొదలకూరు వైపు నిమ్మతోటల మధ్య ఉన్న మామూలు మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. బడి పేరు, ఊరి పేరు రాయను. రేపు పొద్దున పిల్లల్ని దించడానికి ఆ గేటు ముందు నిలబడాల్సింది నేనే కదా. 31 మంది పిల్లలు, ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, రెండు గదులు, ఒక వరండా, బయట వేపచెట్టు. అంతే.

మేం నెల్లూరులో తొమ్మిదేళ్లు ఉండి 2025 ఎండాకాలంలో ఊరికి వచ్చేశాం. నాయనకి మోకాళ్ల నొప్పులు, తోట చూసేవాళ్లు లేరు. పాపని మూడో తరగతిలో, బాబుని ఒకటిలో వేయాలి. నెల్లూరు కాన్వెంట్లో పాపకి ఏడాదికి 24,000 కట్టేవాణ్ణి, వ్యాన్ డబ్బులు వేరే. ఇక్కడికీ ఒక కాన్వెంటు వ్యాన్ వస్తుంది, ఏడుంబావుకే రచ్చబండ దగ్గర హారన్ కొడుతుంది. మా ఆవిడ వ్యాన్ ఎక్కిద్దాం అంది, నేను ఈ ఏడు చేతిలో డబ్బుల్లేవు అన్నా. ఆదర్శాలు ఏమీ లేవు, ఉన్నమాట అదే. చాలామంది తల్లికి వందనం పథకం డబ్బుల కోసం సర్కారు బడికి మార్చారేమో అనుకుంటారు గానీ పిల్లాడికి ఇంతని తల్లి ఖాతాలో వేసే ఆ 13,000 ప్రైవేటులో చదివే పిల్లల తల్లులకీ పడుతుంది, దాని కోసం బడి మార్చే పనే లేదు. జూన్ 12న బడి తెరిచిన రోజే ఇద్దర్నీ చేర్పించా.

సర్కారు ఇచ్చే కిట్టు సంగతి తొందరగా చెప్పేస్తా. సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అని పేరు. సర్వేపల్లి మా జిల్లా ఊరే, ఆయన ఇంటిపేరు ఆ ఊరి పేరే, ఈ మాట మా హెడ్మాస్టరు సెప్టెంబరు 5న ప్రతి ఏడూ చెప్తారంట. బ్యాగు, బెల్టు, షూలు, యూనిఫాం, పుస్తకాలు, నోటుబుక్కులు అన్నీ ఇచ్చారు. బాబు షూలు ఒక సైజు పెద్దవి, ముందర గుడ్డముక్క కుక్కి పంపిస్తున్నాం, వాడికేం పట్టలేదు. గదులు బాగున్నాయి. 2019 నవంబరు 14న మన ఒంగోల్లోనే మొదలుపెట్టిన నాడు-నేడు అనే బళ్ళు బాగుచేసే పథకంలో మా బడికీ టైల్సు, ఫ్యాన్లు, ఆకుపచ్చ బోర్డు వచ్చాయి. నేను చదివినప్పుడు ఇదే బళ్ళో వానొస్తే ఇంటికి పంపించేవాళ్లు, అందుకని నాకు టైల్సు చూస్తేనే గొప్పగా అనిపిస్తుంది. మా ఆవిడకి అనిపించదు. స్మార్ట్ టీవీ కూడా ఉంది, నెట్ అందదు, పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన పాఠాలు పెడతారు.

అసలు సంగతికి వస్తా. ఈ బడికి ఎన్ని స్టార్లు అంటే నేను ఒక్క అంకె చెప్పలేను, ఎందుకంటే అది ఆ వారం బళ్ళో ఎంతమంది టీచర్లు ఉన్నారన్న దాన్ని బట్టి మారుతుంది. జూన్ నుంచి దసరా దాకా ఉన్నది హెడ్మాస్టరు సారు ఒక్కరే. రెండో పోస్టు ఖాళీ. 31 మంది పిల్లలు, ఐదు తరగతులు, ఒక్క మనిషి. ఆయన మంచివారే, ఆ మాట గట్టిగా చెప్తా, కానీ ఆ ఒక్క మనిషి వారం ఎట్లా గడిచేదో చూస్తే మీకే అర్థమవుతుంది.

సోమవారం సగం బడే. ఆదివారం మేనమామ ఇంటికి పోయిన పిల్లలు తిరిగి రారు, నిమ్మకాయల కోత ఉంటే అమ్మానాన్నలు తెల్లారే తోటకి పోతారు, పిల్లల్ని లేపి పంపేవాళ్లు ఉండరు. తొమ్మిదిన్నరకి ఇద్దరు ఐదో తరగతి పిల్లలు వీధుల్లో తిరిగి "సార్ రమ్మంటున్నారు" అని ఒక్కొక్కర్ని లాక్కుపోయేవాళ్లు. అంతకుముందేమో సారు ముఖం హాజరు కోసం ఫోను పట్టుకుని నీళ్ల ట్యాంకు దగ్గర తిరుగుతుంటారు, మా ఊళ్ళో సిగ్నలు అక్కడే దొరుకుతుంది మరి. తొమ్మిది లోపల యాప్‌లో ముఖం పడకపోతే ఆయనకి టెన్షన్. ఒకరోజు నేను మందు డబ్బా భుజాన వేసుకుని పోతూ "సార్, మా మిద్దె ఎక్కండి, బాగా వస్తుంది" అన్నా. అప్పటినుంచి వానాకాలమంతా మా మిద్దె మీదే ఆయన అటెండెన్సు.

బుధవారమో గురువారమో మండలంలో మీటింగు. ఆ రోజు పక్క ఊరి నుంచి ఎవరినైనా సర్దుబాటు చేస్తారు, లేదా సీఆర్‌ఎంటీ, అంటే టీచరు లేని బళ్ళకి తిరిగే టీచరు వస్తారు, ఆలస్యమైతే ఆ గంటా రెండు గంటలూ వంటమ్మే దిక్కు. ఆగస్టులో ఒక బుధవారం బాబు పలక మర్చిపోతే ఇవ్వడానికి పోయి వరండాలో కూర్చుండిపోయా. ఐదు తరగతులూ ఒకే గదిలో. ఐదో తరగతి అమ్మాయి బెత్తం లేకుండానే టీచరమ్మ లాగా నిలబడి ఎక్కాలు చెప్పిస్తోంది, పెద్దపిల్లలు పన్నెండో ఎక్కం అరుస్తుంటే ఒకటో తరగతి వాళ్లు కూడా గొంతు కలిపేస్తున్నారు, మా వాడికి పన్నెండో ఎక్కం నోటికొచ్చేసింది, ఏడు తర్వాత ఎంత అంటే మాత్రం తెలియదు. నవ్వొచ్చింది కానీ ఇంటికి వచ్చాక బాధేసింది. ఆ రాత్రి మా ఆవిడకి చెప్పలేదు, చెప్తే మర్నాడే వ్యాన్.

సారు ఉన్న రోజుల్లో పద్ధతి వేరు. బోర్డుని సుద్దముక్కతో నిలువుగా మూడు భాగాలు చేస్తారు, మూడు, నాలుగు, ఐదు తరగతులకి తలా ఒక భాగం. ఐదుకి భాగహారం చెప్తుంటే నాలుగు లెక్కలు రాసుకుంటుంది, మూడు చూచిరాత రాస్తుంది. ఒకటీ రెండూ వరండాలో ఇసుకలో అక్షరాలు దిద్దుతుంటారు. ఇందులో ఒక లాభం నేను ఊహించలేదు. మా పాప మూడో తరగతిలో కూర్చుని ఐదో తరగతి భాగహారం వింటూ వింటూ సగం నేర్చేసుకుంది. నష్టం కూడా ఉంది, తన సొంత చూచిరాత ఎవరూ దిద్దలేదు. సెప్టెంబరులో నోటుబుక్కు చూస్తే పదిహేను పేజీల్లో ఒకే తప్పు, 'పాఠశాల'లో ఠ బదులు ట. రోజూ అదే తప్పు శ్రద్ధగా, గుండ్రంగా రాసింది.

దసరా సెలవులు అయ్యాక కొత్త మేడమ్ వచ్చారు. మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టులు అని పేపర్లో చదివినప్పుడు నాకేం పట్టలేదు. అందులో ఒక్కటి మా ఊరికి వచ్చేసరికి బడి బడి లాగా అయింది. ఒకటీ రెండూ ఆమెకి, మూడూ నాలుగూ ఐదూ సారుకి. నెల్లూరు నుంచి బస్సులో వస్తారు, మెయిన్ రోడ్డు మీద దిగి ఊళ్ళోకి స్కూటీ. ఇప్పుడు మీటింగు ఉన్నా ఒకరు బళ్ళో ఉంటారు.

మేడమ్ మొదటి వారమే పిల్లల్ని తలా ఐదు నిమ్మకాయలు తెమ్మన్నారు. మా వాడు వచ్చి చెప్తే మా నాయన "నిమ్మకాయల్తో చదువేందిరా" అని గొణిగాడు. అప్పుడు రేటు పడిపోయి ఉంది, రాలుకాయ ఎవరూ కొనట్లేదు, సరేలే అని ఒక బకెట్టు నింపి పంపించా. వేపచెట్టు కింద కాయలన్నీ కుప్ప పోసి, పదేసి కాయలు ఒక గుడ్డసంచిలో కట్టించారంట. సంచులు పదులు, విడికాయలు ఒకట్లు. మూడు సంచులు, నాలుగు విడికాయలు అంటే ముప్పై నాలుగు. తర్వాత ఒక సంచి విప్పి ఆరు కాయలు తీసేయమన్నారంట, అప్పు తెచ్చుకునే తీసివేత అట్లా చెప్పారన్నమాట. నాకు నాలుగో తరగతి దాకా ఆ అప్పు ఎక్కడి నుంచి వస్తుందో, ఎవరు తిరిగి కడతారో అర్థం కాలేదు. మా వాడు ఆ సాయంత్రం మా నాయన ముందు కూర్చుని కాయలు పెట్టి చూపించాడు. నాయన మార్కెట్లో బస్తాల లెక్క నలభై ఏళ్లుగా చేస్తున్న మనిషి, "అంతేగా మేం చేసేది" అన్నాడు. చేతులు నిమ్మ వాసన, యూనిఫాం మీద మరకలు, అది వేరే కథ.

భోజనం గురించి అందరూ అడుగుతారు. నా వరకు ఈ బళ్ళో అన్నిటికంటే నమ్మకమైనది అదే. టీచరు లేని రోజు ఉంది కానీ అన్నం లేని రోజు లేదు. డొక్కా సీతమ్మ పేరు మీద పెడుతున్నారు, 2025 జూన్ నుంచి సన్నబియ్యం. సోమ, బుధ, శుక్రవారాలు చిక్కీ, మంగళ, గురు, శనివారాలు రాగిజావ, సోమవారం నుంచి శుక్రవారం దాకా గుడ్డు, శనివారం చక్కెర పొంగలి. మా ఇంట్లో పాప గుడ్డు ముట్టేది కాదు, ఇక్కడ పక్కపిల్ల తింటుంటే చూసి తింటోంది. రాగిజావ మాత్రం మా బళ్ళో ఒక్కోరోజు మరీ పల్చన, తీపి చాలదు, పిల్లలు సగం వేపచెట్టుకి పోస్తున్నారు, చెట్టు బాగానే ఉంది. వంటమ్మకి నెలకి వచ్చే గౌరవ వేతనం తెలిస్తే జావ గురించి ఫిర్యాదు చేయబుద్ధి కాదు, అయినా రివ్యూ కాబట్టి రాస్తున్నా. మంగళవారం పులిహోర రోజున మా వాడు బడి ఎగ్గొట్టడు, ఒంట్లో బాగోలేకపోయినా పోతానంటాడు.

శనివారం నో బ్యాగ్ డే. సంచి లేకుండా పోవచ్చు. మొదట్లో సారు ఒక్కరే ఉన్నప్పుడు అదంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఖోఖో. ఇప్పుడు బంకమట్టి బొమ్మలు, కథలు, బడి వెనక తోటకూర మడి. ఆ తోటకూర ఒకసారి పప్పులో పడింది, పిల్లలు తామే పండించామని ఊరంతా చెప్పుకున్నారు. సోమవారం పిల్లల్ని లాక్కురావాల్సిన బడికి శనివారం మాత్రం ఎనిమిదిన్నరకే అందరూ హాజరు. సోమవారాన్నే నో బ్యాగ్ డే చేస్తే పోదా అని నేను సారుతో అన్నా, ఆయన నవ్వి "నువ్వు పైకి రాయి నాయనా, నేను రాస్తే బాగోదు" అన్నారు.

ఇంకా బాగోలేనివి చెప్తా. బాత్రూములు ఉన్నాయి, నీళ్ల మోటారు చెడిపోతే వారం పడుతుంది, ఆ వారం ఆడపిల్లలు ఇళ్లకి పరిగెత్తాలి. నవంబరులో ఒకసారి మేమే నలుగురం తలా 300 వేసుకుని మోటారు చేయించాం. రెండోది ఇంగ్లీషు. పుస్తకంలో ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు ఉంటుంది, మంచి ఏర్పాటే. మా పాప గడుసుది, కుడి పేజీ చదివేసి ఎడమ పేజీ అర్థమైనట్టు తలూపుతుంది. పాఠం తెలుగులో చెప్తారు, జవాబులు బోర్డు మీద చూసి ఇంగ్లీషులో ఎక్కిస్తారు. నెల్లూరులో ఉన్నప్పుడు ఇంగ్లీషు రైములు గడగడా చెప్పేది, ఇప్పుడు చెప్పదు. కానీ అప్పుడు తెలుగు వార్త చదవలేకపోయేది, ఇప్పుడు పేపర్లో నిమ్మ ధర తాతకి చదివి చెప్తోంది. ఏది లాభం, ఏది నష్టం అన్న దాని మీద మా ఇంట్లో వారానికి ఒక గొడవ గ్యారంటీ.

జులై 10న మెగా పీటీఎం, అంటే తల్లిదండ్రులు, టీచర్ల మీటింగు అని అందర్నీ పిలిచారు. పిల్లలతో కలిసి భోజనం, ముగ్గులు, మాటలు. హడావుడి ఎక్కువే గానీ ఆ రోజే నేను మొదటిసారి బాబు పక్కన కింద కూర్చుని వాడి నోటుబుక్కు తిరగేశా. ఆ పని చేయడానికి పీటీఎం కోసం ఆగక్కర్లేదని తర్వాత తెలిసింది, సారు ఏ రోజైనా లోపలికి రమ్మంటారు. కాన్వెంట్లో వాచ్‌మెన్ గేటు దాటనిచ్చేవాడు కాదు.

ఇట్లాంటి బళ్ళో వేయాలా వద్దా అని ఆలోచించేవాళ్లు రంగులు, టీవీ చూడొద్దు. హెడ్మాస్టరుని రెండే అడగండి, ఎంతమంది టీచర్లు ఉన్నారు, మీటింగు రోజున ఎవరు ఉంటారు అని. ఇద్దరు ఉంటే ధైర్యంగా వేయండి. ఒక్కరే అయితే రాత్రిపూట మీరు గంట కూర్చోగలరో లేదో చూసుకోండి. మేము దసరా దాకా కూర్చున్నాం, అందుకే పాప 'పాఠశాల' సరిగ్గా రాస్తోంది. స్టార్లు తప్పనిసరి అంటే దసరా ముందు రెండు, తర్వాత నాలుగు. ఐదోది ఇంగ్లీషు కోసం ఆపా.

మా అమ్మ లెక్క వేరే. పోయిన మొహర్రానికి నెల్లూరు రొట్టెల పండగకి పోయి స్వర్ణాల చెరువులో మోకాల్లోతు నీళ్లలో నిలబడి మనవరాలి కోసం విద్య రొట్టె తీసుకుని తిన్నది. పాప పేపరు చదివిన రోజున "చూశావా నా రొట్టె" అంది. మేడమ్ లేదు, సారు లేదు, నేను రాత్రిళ్లు కూర్చున్నది లేదు, అంతా రొట్టే. కోరిక తీరితే మరుసటి ఏడాది రొట్టె తీసుకుపోయి ఇంకొకరికి ఇవ్వాలి కదా, ఈసారి ఇస్తావా అని అడిగా. కాసేపు ఆలోచించి, "ఆ ఇంగ్లీషు పేజీ కూడా చదవనీరా, అప్పుడిస్తా" అంది.