ఎలక్ట్రిక్ ఫ్యాన్ కిట్: ఇంజిన్‌కు సరిపోయింది, ఏసీని పట్టించుకోలేదు

ఇంజిన్ తిప్పే పాత క్లచ్ ఫ్యాన్‌ను తీసివేసి, దాని స్థానంలో 16 అంగుళాల ఎలక్ట్రిక్ ఫ్యాన్, ఉష్ణోగ్రత స్విచ్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్), వైర్లు కలిసి వచ్చే ఒక కిట్‌ను నా పాత కారుకు అమర్చుకున్నాను. ఇంజిన్ వరకు చూస్తే దీనికి వంక పెట్టడానికి లేదు. ట్రాఫిక్‌లో కూడా టెంపరేచర్ ముల్లు కదలడం లేదు, వేగంగా వెళ్ళేటప్పుడు పాత ఫ్యాన్ చేసే హోరు పోయింది. చిక్కంతా ఏసీతోనే వచ్చింది.

కారు నడుస్తున్నంతసేపు చల్లగా వచ్చే గాలి, సిగ్నల్ దగ్గర ఆగిన కాసేపటికే గోరువెచ్చనై, మళ్ళీ వేగం అందుకోగానే చల్లబడేది. ఈ లక్షణం చెప్పగానే గ్యాస్ తగ్గిందని తేల్చేసే మెకానిక్‌లు చాలామంది. గ్యాస్ తక్కువైనా ఇలా జరగవచ్చు కనుక గేజీలు తగిలించి చూడడమే సరైన పద్ధతి: గ్యాస్ తక్కువైతే హై సైడ్ (కంప్రెసర్ నుంచి గ్యాస్ బయటికి వచ్చే వైపు) ఒత్తిడి కూడా తక్కువగానే ఉంటుంది, రేడియేటర్ ముందు ఉండి ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కు గాలి ఆడకపోతే ఆ ఒత్తిడి ఎగబాకుతుంది. నా కారులో ఎగబాకింది. బానెట్ తెరిచి చూస్తే, కంప్రెసర్‌ను ఇంజిన్‌తో కలిపే క్లచ్ టక్కుమని పట్టుకుంటోంది గాని, ఫ్యాన్ రెక్కల్లో చలనమే లేదు. కండెన్సర్ మీద నీళ్ళు చల్లగానే గేజీ ముల్లు దిగింది, లోపల గాలి చల్లబడింది. గ్యాస్‌ను అనుమానించే పని అక్కడితో తీరింది.

పాత ఫ్యాన్ ఇంజిన్ తిరిగినంతసేపూ ఎంతో కొంత గాలిని కండెన్సర్ గుండా లాగుతూ ఉండేది. కొత్తది మాత్రం కూలెంట్ సుమారు 90 డిగ్రీలకు చేరితే గాని తిరగదు. కండెన్సర్ అంతవరకు ఆగలేదు. ఏసీలో ఉండే ఆర్-134ఏ గ్యాస్ 60 డిగ్రీల దగ్గర ద్రవంగా మారడానికే గేజీ మీద సుమారు 16 బార్ల ఒత్తిడి కావాలి, కండెన్సర్ అంతకంటే వేడెక్కితే ఒత్తిడి ఇంకా పెరిగి, చివరకు హై ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌నే ఆపేస్తుంది.

ఏసీ వేయగానే ఫ్యాన్ తిరిగే ఏర్పాటు ఈ కిట్‌లో లేకపోవడమే నా ప్రధానమైన ఫిర్యాదు. కంప్రెసర్ క్లచ్‌కు వెళ్ళే 12 వోల్టుల వైరు నుంచి సంకేతం తీసుకొని, దానికి విడిగా మరో రిలే పెట్టాను. ఉష్ణోగ్రత స్విచ్ సంకేతాన్నీ ఈ ఏసీ సంకేతాన్నీ ఒకే చోట ముడివేస్తే, ఉష్ణోగ్రత స్విచ్ పాజిటివ్ వైపు ఉన్న వైరింగ్‌లో కరెంటు వెనక్కి పారి, ఏసీ ఆపి ఉన్నా క్లచ్ పట్టుకునే ప్రమాదం ఉంది. ఒత్తిడి పెరిగినప్పుడు మాత్రమే ఫ్యాన్‌ను తిప్పే ట్రైనరీ స్విచ్ ఇంకా మేలైన మార్గం, అయితే దాన్ని బిగించడానికి ఏసీ లైనులో చోటు ఉండాలి.

వైర్లు కూడా సన్నవే ఇచ్చారు. ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గరికీ ఫ్యాన్ దగ్గరికీ ఒక వోల్టుకు పైగా తేడా కనిపించింది. ఐడ్లింగ్‌లో, అంటే గాలి అత్యవసరమైన సమయంలోనే, ఫ్యాన్ నెమ్మదించేది. మందపాటి వైరు వేసి, ఎర్త్‌ను శుభ్రమైన లోహం మీద బిగించాక ఆ ఇబ్బంది పోయింది. వైర్లు తారుమారైతే ఫ్యాన్ వెనక్కి తిరుగుతుంది కాబట్టి, బిగించిన వెంటనే గ్రిల్ ముందు ఒక కాగితం పెట్టి చూడాలి. అది లోపలికి అతుక్కోవాలి.

ఫ్యాన్‌ను నిలపడానికి రేడియేటర్ రెక్కల గుండా దూర్చే ప్లాస్టిక్ పుల్లలు నాకు అసలు నచ్చలేదు. వాటి తలలు ఎదురుగా ఉన్న కండెన్సర్‌ను ఒరుసుకుంటాయి. పైగా చుట్టూ ష్రౌడ్ (గాలిని రేడియేటర్ అంతటి నుంచీ లాగేలా చేసే తొడుగు) లేనందువల్ల ఫ్యాన్ వలయం మేరకే గాలి వెళ్ళి, కండెన్సర్ మూలలు వేడిగానే మిగులుతాయి.

ఏసీ లేని బండికైతే ఈ కిట్‌ను ఉన్నదున్నట్టుగా కొనవచ్చు. ఏసీ ఉన్నవారు మాత్రం ష్రౌడ్, మందపాటి వైరు, రెండో రిలే ఖర్చును కూడా కలుపుకొని, ష్రౌడ్‌తోనే వచ్చే కిట్ల ధరతో పోల్చి చూసుకున్న తర్వాతే కొనాలి.