హైదరాబాద్ నుంచి డాలస్: దుబాయ్ మీదుగానా, లండన్ మీదుగానా?

హైదరాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా విమానం లేదు. గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే దాదాపు 14,400 కిలోమీటర్లు వస్తుంది. మధ్యలో ఎక్కడో ఒకచోట దిగి ఎక్కక తప్పదు. దుబాయ్ దగ్గరదారి, లండన్ చుట్టుదారి అని మా ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. తీరా చూస్తే రెండూ 15,400 కిలోమీటర్లకు అటూ ఇటూనే. తేడా వంద కిలోమీటర్లు కూడా లేదు, అంటే హైదరాబాద్ నుంచి జడ్చర్ల వెళ్లినంత.

అసలు తేడా ప్రయాణం ఎక్కడ విరుగుతుందన్నదే. దుబాయ్‌కి 4 గంటలు, అక్కణ్ణించి డాలస్‌కు ఒకే బిగిన 16 గంటలు. లండన్ అయితే అటు పది, ఇటు పది.

ఆ 16 గంటలు అమ్మతో కలిసి కూర్చుంటే గానీ తెలియలేదు. భోజనం పెట్టారు, లైట్లు ఆర్పారు, ఓ కునుకు తీసి లేచేసరికి ఇంకా 9 గంటలుంది. ముందు స్క్రీన్‌లో విమానం ఉత్తరానికి ఎక్కి, కెనడా మీదుగా మెల్లగా దిగుతోంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నడవా పక్క సీటు ఉండాల్సిందే, అదనంగా డబ్బు కట్టైనా సరే. తిరుగు ప్రయాణంలో గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి గంటకు పైనే కలిసొస్తుంది.

లండన్ విమానాశ్రయం హీత్రోలో మళ్లీ సెక్యూరిటీ తనిఖీ. ఆవకాయ సీసా చేతిసంచిలో వద్దు, పెద్ద సూట్‌కేసులో పెట్టేయండి. రెండో విమానం వేరే టెర్మినల్‌లో ఉంటే బస్సెక్కాలి. ఇంకో సంగతి: లండన్‌లో మారడానికి మన పాస్‌పోర్టుకు ట్రాన్సిట్ వీసా మినహాయింపు దొరికేది చాలామందికి చెల్లుబాటయ్యే అమెరికా వీసా వల్లే. స్టాంపు గడువు తీరినవాళ్లు టికెట్ కొనేముందే నిబంధనలు చూసుకోవాలి. దుబాయ్‌లో విమానం మారడానికి ఆ బెడద లేదు. నడక మాత్రం చాలా ఉంటుంది. అయితే డాలస్ గేటు దగ్గర ఎటు చూసినా మన అమ్మానాన్నలే, తెలుగు మాటలే. ఒంటరిగా వచ్చే పెద్దవాళ్లకు అదే సగం ధైర్యం.

అందుకే నేనైతే లండన్, అమ్మ ఒక్కతే వస్తే దుబాయ్.

న్యూయార్క్‌లోనో షికాగోలోనో మారే టికెట్లు ఒక్కోసారి చవగ్గా కనిపిస్తాయి. పెద్దవాళ్లకు వద్దు. ఇమ్మిగ్రేషన్ అమెరికాలో దిగిన మొదటి ఊళ్లోనే, సూట్‌కేసులు తీసుకుని మళ్లీ అప్పగించాలి. క్యూ పెద్దదైతే తర్వాతి విమానం అందదు.

డాలస్ మనకంటే వేసవిలో పదిన్నర, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. టికెట్ మీద ఉదయం బయల్దేరి అదే సాయంత్రం చేరినట్టు కనిపిస్తే అది చూసి మోసపోవద్దు. వీల్‌చైర్ టికెట్ కొన్నప్పుడే అడిగి పెట్టుకోండి. పిల్లలు డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఉంటే విమానం దిగాకే బయల్దేరమనండి. దారి 40 కిలోమీటర్లే, లోపల క్యూ ఎలాగూ ఉంటుంది.