పరిగె గాలానికి ఏ కర్ర కొనాలి: కాలవ గట్టు మీద మూడు రకాల పోలిక

కాలవల్లో దొరికే గండిపరిగె చేప మూతి చిన్నది, పెదవి పల్చన. ఎరని గబుక్కున మింగదు. అంచు పట్టుకుని చప్పరించి, ఏమాత్రం బరువు తగిలినా వదిలేస్తుంది. కర్ర బిరుసుగా ఉంటే లాగిన ఊపుకి పెదవి చిరిగిపోతుంది, తంగూసు (గాలం కట్టే నైలాన్ దారం) లావైతే ఎర దగ్గరికే రాదు. అందుకని పరిగెకి కొనే సామాను బలం చూసి కొనేది కాదు, మెత్తదనం చూసి కొనేది. ధవళేశ్వరం బ్యారేజీ కింద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలవల గట్ల మీద వాడుకలో ఉన్న మూడు రకాలని ఈ లెక్కనే తూస్తున్నాం.

మొదటిది, ఎక్కువమంది కొనేసేది, రీలుతో కలిపి అమ్మే సెట్టు. 2.1 మీటర్ల పొట్టి రాడ్, 2000 లేదా 3000 సైజు రీలు, దాని మీద ముందే చుట్టిన లావుపాటి తంగూసు, పెట్టెలో పెద్ద గాలాలు. కొర్రమీనుకి కప్పబొమ్మ విసరడానికి ఇది పనికొస్తుంది. పరిగెకి మాత్రం వద్దు. గ్రాము బరువున్న బెండుని (చేప ఎర లాగగానే మునిగి తెలిపే తేలుడు పుల్లని) 0.30 మి.మీ. తంగూసు ముందుకి పోనివ్వదు. రీలు మీద చుట్టలు పడిన దారం నీటి మీద మెలికలుగా తేలి, బెండుని పక్కకి లాగేస్తుంది. రాడ్ పొట్టిది కాబట్టి గుర్రపుడెక్క అంచు దాటించి బెండుని నిలువుగా దించడం కుదరదు. డబ్బంతా రీలుకే పోయింది, పరిగెకి అసలు రీలే అక్కర్లేదు.

రెండోది వెదురు. సాధనపు వెదురు గట్టిబొంగు, 3 మీటర్ల వరకూ చక్కగా వంగుతుంది. పచ్చిది కొనకండి, నెల తిరక్కుండా వంకర పోతుంది. పది పదిహేను రోజులు కాలవ నీళ్లలో నానేసి, నీడన నిలువుగా వేలాడదీసి ఆరబెట్టిన దానికి పుచ్చు తక్కువ పడుతుంది. కణుపులు దగ్గర దగ్గరగా ఉండి, కొస అగ్గిపుల్ల లావుకి సన్నబడాలి. పిల్లకాలవలకీ బోదెలకీ ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. 4 మీటర్లు దాటితే మాత్రం బరువుకి మణికట్టు అరగంటలో లాగేస్తుంది.

మూడోది ఒకదాంట్లో ఒకటి దూరే మడత కర్ర, రీలు లేనిది. మేం కొనమని చెప్పేది ఇదే, అదీ 4.5 మీటర్లది. 3.6 మీటర్లు పిల్లకాలవకి సరిపోతుంది. 5.4 మీటర్లది పెద్ద కాలవ మధ్యకి అందుతుంది గాని గాలికి ఊగిపోతుంది. వెయ్యి లోపు దొరికేవి దాదాపు అన్నీ ఫైబర్‌గ్లాసువే: కాస్త బరువు, కాని గట్టు రాళ్లకి తగిలినా ఓర్చుకుంటాయి. కార్బన్ తేలిక, కొస స్పందన చురుకు, దెబ్బ తగిలితే మాత్రం నిలువునా చీలుతుంది. పైగా కార్బన్‌లో కరెంటు పారుతుంది. చేపల చెరువుల మోటార్లకి లాగిన తీగలు గట్ల వెంబడే కిందికి వేలాడుతుంటాయి. అలాంటి చోట ఏ కర్రా ఎత్తకూడదు. ఫైబర్ తడిసి ఉంటే అదీ ప్రమాదమే.

యూరప్‌లో రోచ్ అని ఒక చేప ఉంది. ఎర్రకన్ను, ఎర్రటి రెక్కలు, వెండి పొలుసు. అదీ మన పరిగె, శీలావతి, బొచ్చెలకి చుట్టమే. దాని కోసం ఇంగ్లండులో వాడే బెండు రాడ్లు 12, 13 అడుగులుంటాయి, కొస మెత్తగా ఉంటుంది, గాలం 16 లేదా 18 నంబరు. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది, కొత్తవాళ్లు ఇక్కడే తిరగేసి కొంటారు. ఆ కొలతలు మనకి చాలావరకు సరిపోతాయి. ఒక్క తేడా ఏమిటంటే, మన కాలవలో అదే ఎరకి జెల్లా వస్తుంది, కిలో శీలావతీ వస్తుంది. అందుకని తంగూసు వాళ్లకన్నా ఒక మెట్టు లావుది తీసుకోవాలి.

కొట్లో కర్ర మొత్తం సాగదీసి, అడ్డంగా పట్టుకుని ఒక్కసారి ఊపండి. వంపు పైమూడోవంతులో మొదలవ్వాలి, ఊపు ఆపగానే రెండు మూడు లెక్కల్లో కొస నిలవాలి. మొదలుకంటా ఊగితే నీళ్లు పట్టిన తాడులా ఉంటుంది, అసలు వంగకపోతే పెదవులు చింపుతుంది. అడుగు మూత విప్పి లోపలి ముక్కలు బయటికి తీసి చూడండి. మూత విప్పనివ్వని కొట్లో కొనకండి. కొస ముక్క విడిగా దొరుకుతుందా అని తప్పకుండా అడగండి, ఎప్పుడైనా విరిగేది అదే.

ఇక కట్టడం. పెద్ద తంగూసు 0.16 మి.మీ., కర్ర కన్నా జానెడు తక్కువ పొడవు, అప్పుడే చేప నేరుగా చేతికొస్తుంది. గాలం కట్టే చివరి జానెడు 0.12 మి.మీ. ఉంచితే, తూటికాడకి తగులుకున్నప్పుడు గాలం ఒక్కటే పోతుంది, బెండు మిగులుతుంది. పిండికి 14 లేదా 16 నంబరు గాలం, ఎర్రకి (వానపాముకి) 12. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి తంగూసు అక్కడే బలహీనపడుతుంది.

అసలు ఆటంతా బెండు దగ్గరే ఉంది. జీలుగ బెండైనా ప్లాస్టిక్‌దైనా సన్నగా పొడుగ్గా ఉండాలి, గుండ్రటి బుడగ వద్దు. సీసం గుండ్లలో ముప్పావు భాగం గాలానికి మూరెడు పైన, మిగతా చిన్న గుండు జానెడు పైన నొక్కాలి. నీటి మీద బియ్యపుగింజంత కొస మాత్రమే కనిపించేదాకా గుండ్లు కలుపుతూ పోవాలి. చాలామంది అంగుళం బెండు పైకి వదిలేసి, చేపలు ఎర కొట్టుకుపోతున్నాయంటారు. ఆ అంగుళాన్ని ముంచే ఓపిక పరిగెకి ఉండదు. లోతు చూడ్డానికి గాలానికి బరువైన సీసం తగిలించి దించండి. బెండు మునిగిపోతే దాన్ని పైకి జరపాలి, అడ్డంగా పడుకుంటే కిందికి. ఎర నేలకి అంటీ అంటకుండా ఉన్నప్పుడు పరిగె బాగా అందుతుంది.

ఎరకి గోధుమపిండిలో నాలుగో వంతు వేరుశనగ చెక్క పొడి, చిటికెడు దూది పోగులు కలిపి పిసికితే గాలం మీద నిలుస్తుంది. మినపగింజంత చాలు. చేపల్ని దగ్గరికి రప్పించడానికి నీళ్లలో వేసే మేతకి అరకిలో తవుడు, 100 గ్రాముల చెక్క, మునగడానికి గుప్పెడు గట్టుమట్టి. నిమ్మకాయంత ఉండ పావుగంటకొకటి వేయండి. ఎక్కువేస్తే కడుపు నిండి ఎర ముట్టవు. వరదకి ఎర్రనీరు కాలవలోకి దిగినప్పుడు పిండి పనిచేయదు, వాసనకి ఎర్రే పెట్టాలి, గుండు బరువూ పెంచాలి.

పెద్ద శీలావతి పడితే కర్రని నిలువుగా ఎత్తి వంచే ఉంచండి. కొస చేప వైపు తిరిగిందా, వంపు పోయి తంగూసు తెగుతుంది. కొసకీ తంగూసుకీ మధ్య జానెడు సన్న ఎలాస్టిక్ కడితే ఆ గుంజుడు చాలావరకు అదే తీసుకుంటుంది.

మడత కర్ర విప్పేటప్పుడు కొస ముక్క నుంచి, మూసేటప్పుడు లావు ముక్క నుంచి మొదలెట్టాలి. తిరగేస్తే కొస విరుగుతుంది. ముక్కలు మెలితిప్పి బిగించకండి, ఇసుక చేరితే ఇక ఊడవు. ఇరుక్కుంటే పట్టకారు జోలికి పోకుండా, రెండు చేతులా రబ్బరు ముక్కలు పట్టుకుని తిన్నగా నొక్కండి. ఇంటికొచ్చాక అడుగు మూత తీసి రాత్రంతా ఆరనివ్వండి. అంతర్వేది, యానాం వైపు ఉప్పునీళ్లలో వాడితే ముందు మంచినీళ్లతో కడిగి, ఆ తర్వాత ఆరబెట్టండి.