మ్యాజిస్క్ రూట్: దీని అసలు విలువ అప్‌డేట్ వచ్చినప్పుడే తెలుస్తుంది

మ్యాజిస్క్ అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో రూట్, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం, ఇచ్చే టూల్. దాన్ని పెట్టడానికి ముందు బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే ఆండ్రాయిడ్‌ను లేపే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేస్తే ఫోన్‌లోని డేటా అంతా పోతుందని, ఆ తర్వాత ఆన్ చేసిన ప్రతిసారీ హెచ్చరిక స్క్రీన్ కనిపిస్తుందని ఇది చదివేవాళ్లలో చాలామందికి తెలుసు. ఆ మొదలంతా వదిలేస్తున్నాను. ఏళ్ల తరబడి వాడాక మ్యాజిస్క్‌లో నాకు నచ్చినది ఒక్కటే ఒక్కటి: అది సిస్టమ్ పార్టిషన్ (నిల్వలో ఆండ్రాయిడ్ ఉండే భాగం) జోలికి పోదు. రూట్ కోసం మార్చేది ప్రధానంగా బూట్ ఇమేజ్‌లోని ర్యామ్‌డిస్క్‌ను, అంటే ఫోన్ లేచేటప్పుడు ముందుగా మెమరీలోకి ఎక్కే ఫైళ్ల కట్టను. మాడ్యూల్స్ (మ్యాజిస్క్‌కు జోడించుకునే చిన్న ప్యాకేజీలు) తెచ్చే ఫైళ్లు ఫోన్ ఆన్ అయ్యే సమయంలో అసలు ఫైళ్ల మీద మౌంట్ అవుతాయి, కింద ఉన్నవి చెక్కుచెదరవు. ఆండ్రాయిడ్ 10లో డైనమిక్ పార్టిషన్లు, ఆ తర్వాత చదవడానికి మాత్రమే వీలిచ్చే ఫైల్ సిస్టమ్‌లు వచ్చాక సిస్టమ్‌లో నేరుగా రాసే పాత పద్ధతికి దారి దాదాపు మూసుకుపోయింది. ఇప్పుడు మిగిలిన దారి ఇదే, అదృష్టవశాత్తూ మంచి దారి కూడా.

దీని అందమంతా ఓటీఏ అప్‌డేట్ (ఇంటర్నెట్ ద్వారా ఫోన్‌కే నేరుగా వచ్చేది) వచ్చినప్పుడు తెలుస్తుంది. ఏ/బీ స్లాట్లున్న ఫోన్‌లో, అంటే సిస్టమ్‌కు రెండు చోట్లుండి ఒకటి నడుస్తుండగా రెండోదాన్లో అప్‌డేట్ పడే ఫోన్‌లో, వరుస ఇది. ముందు మ్యాజిస్క్ యాప్‌లో అన్‌ఇన్‌స్టాల్ నొక్కి, రిస్టోర్ ఇమేజెస్ ఎంచుకోవాలి. ఫోన్ రీస్టార్ట్ చేయకూడదు. సెట్టింగ్స్‌కి వెళ్లి అప్‌డేట్ దించుకుని ఇన్‌స్టాల్ చేయనివ్వాలి. అది రీస్టార్ట్ బటన్ చూపించినా ముట్టుకోకుండా, మళ్లీ మ్యాజిస్క్‌కి వచ్చి ఇన్‌స్టాల్‌లో ఇన్‌యాక్టివ్ స్లాట్ అన్న ఎంపికను నొక్కాలి. అది పూర్తయ్యాక మ్యాజిస్క్ లోంచే రీస్టార్ట్ చేయాలి. కంప్యూటర్ అక్కర్లేదు, కేబుల్ అక్కర్లేదు, డేటా పోదు, రూట్ కూడా కొత్త వెర్షన్‌లోకి వచ్చేస్తుంది. రిస్టోర్ మెట్టు ఎందుకంటే, చిన్న అప్‌డేట్లు ఇప్పుడున్న పార్టిషన్‌ను ఆధారంగా తీసుకుని తేడాలను మాత్రమే అతికిస్తాయి. అతికించే ముందు పార్టిషన్ హ్యాష్ (దానిలో ఉన్నదానికి వేలిముద్ర లాంటి సంఖ్య) సరిచూస్తాయి. ప్యాచ్ అయిన, అంటే మ్యాజిస్క్ మార్చిన, ఇమేజ్ హ్యాష్ కలవదు కాబట్టి అప్‌డేట్ మధ్యలోనే ఆగిపోతుంది.

ఈ వరుసలో ఒక్కోసారి కాళ్లకు అడ్డం పడేది, స్టాక్ (మ్యాజిస్క్ మార్చక ముందున్న అసలు ఇమేజ్) బ్యాకప్ లేదన్న ఎర్రర్. అలాంటప్పుడు ఇప్పుడు నడుస్తున్న బిల్డ్ నంబర్‌కు సరిగ్గా సరిపోయే అసలు ఇమేజ్‌ను ఫాస్ట్‌బూట్‌లో (కంప్యూటర్ నుంచి పార్టిషన్లలోకి రాసే మోడ్) ఫ్లాష్ చేసి, అప్‌డేట్ పెట్టి, కొత్త బిల్డ్ ఇమేజ్‌ను మళ్లీ ప్యాచ్ చేయడమే మార్గం. ఆండ్రాయిడ్ 13తోనే బయటికొచ్చి, జీకేఐ (గూగుల్ అన్ని ఫోన్లకూ ఉమ్మడిగా ఇచ్చే) కెర్నల్‌తో నడిచే ఫోన్లలో ర్యామ్‌డిస్క్ ఇనిట్ బూట్ అనే వేరే పార్టిషన్‌లో ఉంటుంది. అక్కడ ప్యాచ్ చేయాల్సింది దాన్ని, బూట్ ఇమేజ్‌ను కాదు. పాత గైడ్లలో ఈ మాట ఉండదు.

ఇక దెబ్బ తగిలిన సంగతి. ఆండ్రాయిడ్ వెర్షనే మారే పెద్ద అప్‌డేట్‌ను పైన చెప్పిన వరుసలోనే పెట్టినా, ఫోన్ బూట్ యానిమేషన్ దగ్గరే తిరుగుతూ ఉండిపోయింది. కారణం మ్యాజిస్క్ కాదు, ఒక మాడ్యూల్. స్క్రీన్‌షాట్ నిషేధాన్ని ఎత్తేసే ఆ మాడ్యూల్ తనతోపాటు సర్వీసెస్ జార్ (ఆండ్రాయిడ్ ప్రధాన సేవల కోడ్ ఉండే) ఫైల్‌కు మార్చిన కాపీని తెచ్చుకుంది. ఆ కాపీ పాత వెర్షన్‌ది. కింద సిస్టమ్ మొత్తం కొత్తది, పైన మౌంట్ అయినది పాతది. ఆ సేవలను నడిపే సిస్టమ్ సర్వర్ లేవగానే లేని మెథడ్‌ను పిలిచి కూలిపోతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ కూలుతుంది.

యానిమేషన్ తిరుగుతున్నంతసేపూ ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కు కమాండ్లు పంపే సాధనం) పనిచేస్తూనే ఉంటుందన్నది ఇక్కడ ప్రాణం పోసే సంగతి. యూఎస్‌బీ డీబగ్గింగ్ ముందే ఆన్‌లో ఉండాలి, ఆ కంప్యూటర్‌కు అనుమతి ముందే ఇచ్చి ఉండాలి, అంతే. ఫోన్ లాగ్ చూపించే లాగ్‌క్యాట్ తెరిస్తే ఫేటల్ ఎక్సెప్షన్ ఇన్ సిస్టమ్ ప్రాసెస్ అనే వరుస పదే పదే పడుతుంటుంది. దాని కింద నో సచ్ మెథడ్ ఎర్రర్ కనిపిస్తే నేరం ఎవరిదో దాదాపు తేలినట్టే. ఏడీబీ షెల్‌లో magisk --remove-modules అని ఇస్తే మాడ్యూల్స్ అన్నీ పోయి ఫోన్ తనే రీస్టార్ట్ అవుతుంది. డేటా, రూట్ రెండూ అలాగే ఉంటాయి.

కానీ ఈ కమాండ్ మంచీ చెడూ చూడకుండా మాడ్యూల్స్ అన్నిటినీ తుడిచేస్తుంది, వాటి సెట్టింగ్స్‌తో సహా. అందుకే ముందు సేఫ్ మోడ్ ప్రయత్నించాలి: బూట్ యానిమేషన్ కనిపిస్తున్నప్పుడు వాల్యూమ్ తగ్గించే బటన్ నొక్కి పట్టుకోవడం. సేఫ్ మోడ్‌లో లేచిందంటే మ్యాజిస్క్ మాడ్యూల్స్‌ను తీసేయదు, ఆపి ఉంచుతుంది. మామూలుగా రీస్టార్ట్ చేశాక ఒక్కొక్కటీ ఆన్ చేసుకుంటూ వెళ్తే దోషి దొరుకుతుంది. ఇప్పుడు నేను పాటించే పద్ధతి ఇంకా సులువు: వెర్షన్ మారే అప్‌డేట్‌కు ముందు ఫ్రేమ్‌వర్క్ ఫైళ్లను, ఫాంట్లను, సిస్టమ్ యూఐని ముట్టుకునే మాడ్యూల్స్ అన్నీ ఆఫ్. హోస్ట్స్ ఫైల్ (వెబ్ చిరునామాల జాబితా, ప్రకటనలు ఆపడానికి వాడేది) మాడ్యూల్ లాంటివి ఉన్నా ఫర్వాలేదు, అవి మార్చేది ఉత్త టెక్స్ట్ ఫైల్.

కాబట్టి సిస్టమ్ జోలికి పోదు అన్న పొగడ్తను కాస్త సవరించాలి. డిస్క్ మీద పోదు. నడిచే సిస్టమ్‌లో మాత్రం మాడ్యూల్ రాసినవాళ్లు ఎంత జాగ్రత్తపరులో అంతే భద్రత. రూట్ అనుమతుల్లోనూ ఇదే వరస: అడిగిన ప్రతి యాప్‌కూ శాశ్వతంగా ఇచ్చేయకుండా, అరుదుగా వాడేవాటికి ఒక్కసారికి అన్నదే ఇవ్వాలి.

రెండో సవరణ బ్యాంకింగ్ యాప్‌ల గురించి. 2022లో వచ్చిన 24వ వెర్షన్‌లో యాప్‌లకు రూట్ కనపడకుండా దాచే మ్యాజిస్క్‌హైడ్ తీసేసి జైగిస్క్ (మాడ్యూల్స్ కోడ్‌ను యాప్‌ల లోపల నడిపేది), డినై లిస్ట్ ఇచ్చారు. డినై లిస్ట్‌లో పెట్టిన యాప్‌కు మ్యాజిస్క్ మార్పులు తగలవు. బూట్‌లోడర్ తెరిచి ఉందన్న నిజం మాత్రం హార్డ్‌వేర్ సంతకంతో వెళ్లే ధ్రువీకరణలో అలాగే ఉంటుంది. 2025 మేలో ప్లే ఇంటెగ్రిటీ (ఫోన్‌ను నమ్మవచ్చో లేదో యాప్‌లకు తీర్పు చెప్పే గూగుల్ సేవ) మారాక, ఆండ్రాయిడ్ 13 నుంచి పై వెర్షన్లలో డివైస్ స్థాయి తీర్పుకూ హార్డ్‌వేర్ ఆధారం కావాలి. దీన్ని దాటేసే మాడ్యూల్స్ ఇవాళ పనిచేసి రేపు ఆగిపోతాయి. జీతం, చెల్లింపులు నడిచే ఒకే ఒక్క ఫోన్‌ను వాటి భరోసా మీద వదలడం నాకు సమ్మతం కాదు.

నా విషయంలో చెల్లింపులకు వేరే ఫోన్ ఉంది, తయారీదారు ప్రతి బిల్డ్‌కూ ఫ్యాక్టరీ ఇమేజ్ బహిరంగంగా పెడతారు, యాప్ డేటా మొత్తం బ్యాకప్ తీసుకోవడం రోజువారీ అవసరం. ఈ మూడూ ఉన్నందున మ్యాజిస్క్ వదలను. ఫ్యాక్టరీ ఇమేజ్ దొరకని మోడల్ అయితే మొదలే పెట్టను. సామ్‌సంగ్ ఫోన్లలో నాక్స్ ఫ్యూజ్ (అనధికారిక ఇమేజ్ పెడితే పోయే భద్రతా గుర్తు) ఒకసారి పోతే తిరిగి రాదు, వాళ్ల లెక్క వేరు. ఫోన్ అమ్మాలనుకుని బూట్‌లోడర్ మళ్లీ లాక్ చేసేవాళ్లు ముందు పార్టిషన్లన్నీ స్టాక్‌కు తెచ్చి, ఒకసారి ఫోన్ మామూలుగా లేస్తోందని చూసుకుని, అప్పుడే లాక్ చేయాలి. ప్యాచ్ అయిన ఇమేజ్ ఉండగా లాక్ చేస్తే వెరిఫైడ్ బూట్ (ఇమేజ్‌లు అసలువేనా అని చూసే తనిఖీ) ఆ ఫోన్‌ను లేవనివ్వదు. ఓఈఎం అన్‌లాకింగ్ (బూట్‌లోడర్ అన్‌లాక్‌కు అనుమతిచ్చే సెట్టింగ్) కూడా ఆఫ్ చేసి ఉంటే మళ్లీ అన్‌లాక్ చేసే దారీ ఉండదు.