పైలట్ల లైసెన్సులు ఎలా పోతాయో చెప్పే రెండు రోజుల క్లాసు: డబ్బులకు తగ్గట్టుందా?

ముందే చెప్తున్నా, ఇది విమానాల సంగతి కాదు. మా అమ్మమ్మకి చెబితే "ఏటి నాయనా, ఈ వయసులో ఇమానం నేర్సుకుంటావా" అంది. ఓడ హార్బర్‌లోకి వచ్చేటప్పుడు, పోయేటప్పుడు తాడు నిచ్చెన పట్టుకుని పైకెక్కి దారి చూపిస్తారే, ఆ పైలట్ల గురించి. నేను వైజాగ్‌లో ఒక షిప్పింగ్ ఏజెంటు దగ్గర బోర్డింగ్ క్లర్కుని, కాగితాల పని మీద ఓడలెక్కుతుంటాను కాబట్టి వాళ్లతో ముఖపరిచయం ఉంది. ద్వారకానగర్‌లో ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్ వాళ్లు (పేరు రాయను, గొడవ నాకెందుకు) పైలట్ల తప్పులు, వాటికి పడే శిక్షల మీద శని, ఆదివారాల్లో క్లాసు పెడితే 3,500 కట్టి వెళ్లాను.

క్లాసు చెప్పిన రిటైర్డ్ కెప్టెన్ గారి కోసమైతే మళ్లీ కట్టమన్నా కడతాను. ఆయన కేసంతా చెప్పి, చివరికి ఏ శిక్ష పడిందో మాత్రం చెప్పకుండా ఆపేస్తారు. "ఇప్పుడు పైలట్ లైసెన్సు మీద తీర్పు చెప్పే బోర్డు మీరే, ఏం చేస్తారో చెప్పండి" అంటారు. ఇరవై మందిమి ఉంటే ఇరవై తీర్పులు!

మొదటి కేసు 2007 నవంబరు 7, శాన్‌ఫ్రాన్సిస్కో. దట్టమైన పొగమంచులో కాస్కో బూసాన్ అనే కంటైనర్ ఓడ బే బ్రిడ్జి స్తంభానికి రక్షణగా ఉన్న కట్టుని రాసుకుంది, పక్క చీరుకుపోయి 53,000 గ్యాలన్లకు పైగా చమురు నీళ్లలో కలిసిపోయింది. ఓడలోని ఎలక్ట్రానిక్ చార్టు మీద కనిపిస్తున్న ఎర్ర త్రికోణాలు ఏమిటని పైలట్, కెప్టెన్‌ని అడిగిన ఆ ఒక్క ప్రశ్న మీద మా సార్ దాదాపు గంట మాట్లాడారు, క్లాసంతటికీ ఆ గంటే ప్రాణం. అవి స్తంభం దగ్గరుండే బోయాల (నీళ్లలో తేలుతూ హెచ్చరించేవి) గుర్తులు. కెప్టెనేమో అదే వంతెన మధ్య భాగం, అంటే ఓడ దాటాల్సిన చోటు అన్నట్టు చెప్పాడు. ఆ పైలట్ వాడుతున్న మందుల వల్ల ఆలోచన మందగించిందని తర్వాత దర్యాప్తులో తేల్చారు. మేమంతా "లైసెన్సు రద్దు" అని చేతులెత్తాం. జరిగింది వేరు. అక్కడి పైలట్ కమిషనర్ల బోర్డు సస్పెండ్ చేసి అభియోగాలు పెట్టింది, అవి తేలేలోపే 2008లో ఆయన రిటైరైపోయాడు. ఇక రద్దు చేయడానికి ఏముంది? ఫెడరల్ కోర్టు మాత్రం వదల్లేదు, 2009లో పది నెలల జైలు వేసింది.

రెండోది ఎవర్ ఫార్వర్డ్ అనే కంటైనర్ ఓడ కేసు. 2022 మార్చి 13న అమెరికాలోని బాల్టిమోర్ నుంచి బయల్దేరి, తిరగాల్సిన మలుపు తిరక్కుండా తిన్నగా పోయి చీసపీక్ బే బురదలో కూరుకుపోయింది. మళ్లీ కదిలింది ఏప్రిల్ 17న. దారిలో పైలట్ ఫోన్ మాటలే గంట దాటాయట, మలుపు దగ్గరికొచ్చేసరికి ఈమెయిల్ రాసుకుంటున్నాడట. అక్కడి మేరీలాండ్ రాష్ట్ర పైలట్ల బోర్డు లైసెన్సు సస్పెండ్ చేసింది. (ఇది చెబుతుండగా మోగిన ఫోను సార్‌దే, అందరం నవ్వాం.) నన్ను పట్టుకున్నది మాత్రం ఆ ఓడలోని థర్డ్ ఆఫీసర్ సంగతి. మలుపు దాటిపోతోందని తెలిసి కూడా ఆ మాట నేరుగా అనలేక, సూచనగా ఓడ హెడింగ్‌ని (ఏ దిక్కుకి పోతోందో ఆ అంకెని) మళ్లీ పైకి చదివాడట. వెనక బెంచీలోని ఒక సెకండ్ మేట్ "నేనైనా అంతే సార్, పైలట్ గారికి ఎదురు చెప్తామా" అన్నాడు. అతన్ని ఏమనగలను, మా మేనేజర్ గారు ఓడ కట్టే బెర్త్ నంబరు తప్పు చెప్పినా సరే సార్ అని తలూపి, బయటికొచ్చి సరిచేసుకునే రకాన్ని నేను. లైసెన్సు తీసేసే బోర్డు పైలట్‌ని పిలుస్తుంది గానీ, నోరు మూసుకున్న వాళ్ల సంగతి ఎవరు చూస్తారని సార్‌ని అడిగితే, నవ్వి టీకి వదిలేశారు.

ఇక నా గొడవ. మన దేశం సంగతికి ఆదివారం సాయంత్రం ముప్పావు గంట మిగిలింది. చెప్పిందేమో మంచి విషయమే: అమెరికాలో రాష్ట్రం ఇచ్చే లైసెన్సు వేరు, కోస్ట్ గార్డ్ ఇచ్చేది వేరు, ఒకరు తీసేసినంత మాత్రాన రెండోది దానంతట అది పోదు. మన పెద్ద పోర్టుల్లో పైలట్ పోర్టు ఉద్యోగి కాబట్టి చార్జి మెమో, ఎంక్వైరీ, సస్పెన్షన్‌లో ఉన్నన్నాళ్లూ జీవన భృతి, మిగతా ఉద్యోగుల లాగే. ఆయన మాస్టర్ (ఓడ కెప్టెన్) సర్టిఫికెట్ డీజీ షిప్పింగ్ అనే కేంద్ర ప్రభుత్వ శాఖ వాళ్లది, దాని జోలికెళ్లడం వేరే వ్యవహారం. అంతా గబగబా దాటించేశారు. పైగా 1908 నాటి పోర్టుల చట్టం, 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం రెండింటి స్థానంలో 2025లో కొత్త చట్టాలు వచ్చాయి, వీళ్ల జిరాక్స్ నోట్సులో ఇంకా పాత సెక్షన్లే. మేము వచ్చిందే దాని కోసం కదా! డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఇన్నర్ హార్బర్‌లోకి వచ్చే ఆ సన్నటి ఛానల్‌ని బోర్డు మీద గీసి, ఇక్కడే ఓడ గట్టుకి తగిలితే ఎవరు ఎవరికి నోటీసు ఇస్తారో వరసగా చెప్పినా మా డబ్బులు గిట్టేవి.

ఏసీ ఒక్కటే, అదీ సార్ వైపు తిరిగి ఉంటుంది, ముందు వరస పట్టుకోండి. టీ బాగుంది. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, ఆటోలో వెళ్లడం నయం. సార్‌కి ఐదు స్టార్లు, క్లాసుకి మూడు. నోట్సు మార్చారని ఎవరైనా చెబితే ఇంకోటి కలుపుతాను.